దూపమ్మకు పోసిన నీళ్ళు

వనపర్తిలో ఒకప్పుడు చెట్లకు కూడా జవాను ఉండేవాడంటే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ. కచేరీ ముందర మొదలై గోపాల్‌పేట బాట ఊరు దాటే మైలురాయి దాకా, రోడ్డుకు రెండు పక్కలా ఉన్న చింతలు, వేపలు, కానుగలు అన్నీ దావూద్ చేతికింద బతికినవే. నడుముకు ఇత్తడి బిళ్ళ పట్టీ, చేతిలో తుమ్మకర్ర. పొద్దున్నే బయల్దేరి ఆ కర్రతో ఒక్కో మానునూ తట్టుకుంటూ పోయేవాడు. గట్టి మాను ఒక తీరు పలుకుతుంది, లోపల పుచ్చిన మాను ఇంకో తీరు పలుకుతుంది. చెట్టు కడుపులో ఏముందో దావూద్ చెవికి తెలిసేది.

చెదలు పట్టకుండా మొదళ్ళకు సున్నం, ఎర్రటి జాజుమట్టి పూసేవాడు. లేతమొక్కల చుట్టూ ముళ్ళకంప కట్టేవాడు. ఎండిన కొమ్మ ఎవరి నెత్తినో పడకముందే కొట్టించేవాడు. కొమ్మ విరిగి మానుకు పుండు పడితే, అందులో నీళ్ళు నిలవకుండా సున్నం కలిపిన మట్టితో పూడ్చేవాడు. ఇంతవరకు బాగానే ఉంది గానీ, చెట్టుకు అసలు శత్రువు చెదపురుగు కాదు, మనిషి. మేకలకని ఒకడు దోటి పట్టుకొస్తాడు, పెండ్లి పందిరికని ఒకడు గొడ్డలి తెస్తాడు, పొయ్యిలోకని ఒకతె చెయ్యి వేస్తుంది. ఒక్క ప్రాణం ఎక్కడెక్కడని నిలబడుతుంది? ఇటు మేకను తోలేలోపల అటు కొమ్మ ఫెళ్ళుమనేది.

"పెండ్లి నాతోని చేసుకున్నవా, చెట్లతోని చేసుకున్నవా?" అని భార్య మౌలాబీ ఎన్నిమార్లు దెప్పిందో లెక్కలేదు. ఆమె నోరు పెద్దది. మనసు కూడా అంతే పెద్దది, పాపం.

ఈ కొలువు దావూద్‌కు తండ్రి నుంచి వచ్చింది. కొలువుతో పాటు ఒక మాట కూడా వచ్చింది. చెట్ల నీళ్ళు చెట్లకే. ఎండాకాలంలో మొక్కలకు కావడితో నీళ్ళు మోస్తుంటే బాటన పోయేవాళ్ళు దోసిలి పడతారు. ఒకరికి పోస్తే పదిమంది చేరతారు. కడవ ఖాళీ అవుతుంది, మొక్క మాడుతుంది. "మనిషికి కాళ్ళున్నయి, బావి కాడికి పోతడు. మొక్కకు కాళ్ళు లెవ్వు" అనేవాడు ఆ ముసలాయన. మాట తప్పేం కాదు. దావూద్ దాన్ని ప్రాణంలా పట్టుకున్నాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఒక్కసారి తప్పి ఉంటే ఈ కథ చెప్పుకునే అవసరమే ఉండేది కాదు.

పెద్ద లడాయికి, అదే రెండో ప్రపంచ యుద్ధానికి, ఐదేళ్ళ ముందు ఈ దిక్కున వానలు ముఖం చాటేశాయి. గట్ల మీద గడ్డిపోచ లేదు. మైలురాయి పక్కన ఉన్న పెద్దచింత ఒక్కటే పచ్చగా నిలబడింది. ఇంకేముంది, ఊళ్ళో దోటులన్నీ దాని మీదే. వారం తిరిగేసరికి సగం చెట్టు బోడి అయింది. నడుమెత్తున ఉన్న లావుపాటి కొమ్మను ఎవడో మొదలంటా నరికి పట్టుకుపోయాడు. దావూద్ తిట్టాడు, బతిమాలాడు, కచేరీకి పట్టిస్తానని బెదిరించాడు.

"ఆకు మీ అబ్బ సొమ్మా?" అన్నారు.

మరునాడు తెల్లవారి, బాట మీద మనిషి కదలకముందే, మౌలాబీ తీసి దాచుకున్న పాతగాజులు రెండు పట్టుకెళ్ళి చింతకొమ్మకు దారంతో కట్టాడు దావూద్. చెట్టు మొదట్లో ఒక మట్టిముంత బోర్లించాడు. పొద్దెక్కాక బావికాడ నలుగురు చేరినప్పుడు, అడగకపోయినా నోరు విప్పాడు.

"పెద్ద జ్వరాల ఏడు ఒక ఆడామె గోపాల్‌పేట దిక్కు నుంచి వచ్చి గా చింతకింద కూలవడ్డదట. దూప, దూప అన్నదట. ఎవ్వరు నీళ్ళు పొయ్యలేదట. దూపతోనే పాణం పోయిందట. ఇప్పుడు గా చెట్టు మీద చెయ్యేసినోని ఇంట్ల కుండ ఒట్టిపోతదట. నాకేం తెల్వదు, ఇన్నమాట చెప్తున్న."

చూశారా తెలివి! ప్రతి మాటకూ ఒక 'అట' తగిలించి తాను గట్టున కూర్చున్నాడు. కరువులో ఎవరి ఇంట్లో కుండ నిండుగా ఉంటుంది? చెట్టు ముట్టినవాడిదీ ఒట్టిదే, ముట్టనివాడిదీ ఒట్టిదే. కానీ భయానికి ఆ లెక్క ఎందుకు? మూడో రోజుకల్లా దోటులు చూరు ఎక్కాయి. చింత బతికింది. దావూద్ ఆ రాత్రి నవ్వుకుంటూ పడుకున్నాడు. అతను నిశ్చింతగా నిద్రపోయిన ఆఖరి రాత్రి అదేనని తర్వాత ఎప్పుడో మౌలాబీ చెప్పింది.

నాలుగో రోజు అమృతమ్మ వచ్చింది.

అమృతమ్మది మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు. మొగుడు పోయాడు. ఒక్కగానొక్క బిడ్డ జములమ్మను గోపాల్‌పేటలో ఇచ్చింది. పెద్ద జ్వరాల ఏడు అల్లుడు పోయాడని కబురు వచ్చింది, బిడ్డ తల్లిగారింటికి బయల్దేరిందని ఇంకో కబురు వచ్చింది. బిడ్డ మాత్రం రాలేదు. అప్పట్లో బాటల పక్కన ఎవరు పడ్డారో, ఎవరు ఎవరిని పూడ్చారో చెప్పేవాడు లేడు. పదహారేళ్ళుగా ఆ తల్లి కనబడిన ప్రతి మనిషినీ అడుగుతూనే ఉంది.

ఆమె దావూద్ ముంజేయి గట్టిగా పట్టుకుంది.

"కొడుకా, గా ఆడామె సంగతి నువ్వే చెప్పినవంట. యాడ కూసున్నది? ఎట్లుండె? నా బిడ్డే గదూ?"

అక్కడే నిజం చెప్పేయవలసింది. అవ్వా, అది అబద్ధం, మేకలవాళ్ళను బెదిరించడానికి నేను అల్లింది అని చెప్పి కాళ్ళు పట్టుకోవలసింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె వెనక పెద్దచింత అప్పుడే చిగురు తొడుగుతూ కనిపించింది. ఇంకొక్క నెల ఆగితే చాలు, వానలు పడతాయి, అప్పుడు చెప్పొచ్చు అనుకున్నాడు.

"నాకు తెల్వదవ్వా. ఇన్నమాట" అన్నాడు.

అంతే. ఆమె ఆ రోజే చెంబుతో నీళ్ళు తెచ్చింది. కొమ్మ నరికిన చోట మానుకు పుండు పడి తొర్ర దిగుతోంది. మనిషి కూర్చుంటే నోరు ఎంత ఎత్తున ఉంటుందో, సరిగ్గా అంత ఎత్తున ఉంది ఆ తొర్ర. అమృతమ్మ నీళ్ళు అందులో పోసి, "తాగు బిడ్డా" అంది.

వానలు పడ్డాయి. దాహంతో పోయిన ఆమెకు ఊరే దూపమ్మ అని పేరు పెట్టి, ఆమే కురిపించిందంది. ఇక పట్టపగ్గాల్లేవు. ప్రతి బేస్తవారం సాయంత్రం ఆడవాళ్ళు బిందెలతో, చెంబులతో వచ్చి దూపమ్మ నోట్లో నీళ్ళు పోసేవాళ్ళు. హిందువులు, తురకలు అని లేదు, దూప ఎవరికైనా దూపే. చుట్టూ రాళ్ళతో గద్దె కట్టారు. కొందరికి ఆమె కనిపించింది కూడా. ఒకరు తెల్లచీర అన్నారు, ఒకరు ఎర్రచీర అన్నారు. చివరికి మౌలాబీ కూడా చెంబు పట్టుకుని బయల్దేరింది.

"నీకు బుద్ధి ఉన్నదా? కొమ్మకున్న గాజులు నీయే గద, ఆనవాలు పట్టలేదా?" అని కసిరాడు దావూద్.

"కట్టిన పొద్దే ఆనవాలు పట్టిన. గాజులు నావే గని, దూప నాది గాదు గద" అంది ఆమె, చెంబు దించకుండానే.

తొర్రలో నీళ్ళు నిలిస్తే మాను ఏమవుతుందో దావూద్‌కు తెలియదా? ఒక పొద్దున సున్నం కలిపిన మట్టి తట్టలో పెట్టుకుని పూడ్చడానికి పోయాడు. అమృతమ్మ అప్పటికే గద్దె మీద కూర్చుని ఉంది. తట్ట వైపు చూసింది, అతని వైపు చూసింది.

"దాని నోరు మూస్తవా?" అని ఒక్కమాట అడిగింది.

దావూద్ మట్టి తీసుకెళ్ళి ఇంకో చెట్టుకు మెత్తాడు. ఇంత పిరికివాడు చెట్ల జవాను ఎందుకయ్యాడని నన్నడిగితే నేనేం చెప్పను! అబద్ధానికి కూడా తల్లివేరు ఉంటుంది. పైన పీకితే రాదు. తనకు ఆ కథ ఎక్కడి నుంచి వచ్చిందో దావూద్ ఎన్నడూ తవ్వి చూసుకోలేదు. చూసుకునే ధైర్యం లేదు.

అట్లా పన్నెండేళ్ళు గడిచాయి. లడాయి వచ్చింది, పోయింది. లడాయి ముగిసిన మరుసటేడు ఎండాకాలం మొదట్లో, దావూద్ అలవాటుగా పెద్దచింతను తట్టాడు. ఇంకోమారు తట్టాడు. చేతిలో కర్ర అట్లాగే ఆగిపోయింది. మొదలు నుంచి గుండె ఎత్తు దాకా మాను డొల్లగా పలికింది, అదీ నీళ్ళున్న కుండను తట్టినట్టు. పైన తలకొమ్మలు ఎండిపోతున్నాయి. గద్దెరాళ్ళ సందుల్లో కుక్కగొడుగులు మొలిచాయి. చెట్టు చచ్చిపోయింది. చచ్చినదాన్ని భయం ఒక్కటే నిలబెడుతోంది.

ఆ వారమే, గాలి కూడా లేని పట్టపగలు, దున్నపోతంత కొమ్మ ఒకటి విరిగి గద్దె మీద పడింది. అమృతమ్మ ఖాళీ చెంబు తీసుకుని పది అడుగులు నడిచిందో లేదో, ఆమె కూర్చున్న రాయి రెండు ముక్కలైంది. బేస్తవారం నాడు ఇరవై ముప్పై మంది ఆడవాళ్ళు కూర్చునే చోటు అది. ఇక రోజులు లేవు. తొలకరి గాలి ఒక్కటి చాలు.

కచేరీలో పేష్కారు అబ్దుల్ మజీద్ సాబ్ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు, ఒక్క గాజుల సంగతి తప్ప. సాబ్ ఎప్పుడూ పాన్ నములుతూ ఉండే నెమ్మదైన మనిషి.

"హుకుం ఇస్త. కొట్టించు. కని ఎవడు కొడతడు మియా?" అన్నాడు.

నిజమే, ఎవడు కొడతాడు? ఊళ్ళో పెద్దమాన్లను పడగొట్టేది హన్మంతు. పడే చెట్టును ఏ పక్కకు చెబితే ఆ పక్కకు పడేసే మొనగాడు. దావూద్ అతని ఇంటికి పోయి పొద్దున నుంచి మిట్టమధ్యాహ్నం దాకా బతిమాలాడు.

"సాయిబూ, నా గొడ్డలి ఏ చెట్టుకు భయపడదు. చెట్టుల ఉన్నోళ్ళకు భయపడతది. పిల్లలు గలోణ్ణి, నన్ను ఇడిసిపెట్టు" అని దండం పెట్టాడు హన్మంతు.

దావూద్ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూనే ఉన్నాడు. మౌలాబీ చూస్తూనే ఉంది.

"నిజం చెప్పరాదు?" అంది. ఆమె గొంతులో దెప్పు లేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఆ బేస్తవారం సాయంత్రం దావూద్ గద్దె ఎక్కాడు. చుట్టూ ఆడవాళ్ళు, బాట మీద మగవాళ్ళు. హన్మంతు కూడా దూరంగా నిలబడి ఉన్నాడు. దావూద్ పట్టీకున్న ఇత్తడి బిళ్ళను గట్టిగా పట్టుకుని చెప్పేశాడు.

"దూపమ్మ లేదు. కరువుల మేకలోళ్ళను బెదిరియ్యనీకె నేనే కల్పించిన. గాజులు మా ఇంటిదానియి. ముంత నేను బోర్లించిన. చెట్టు లోపల మురిగింది. ఇయ్యాలనో రేపో పడతది. అల్లా తోడు, దీనికిందికి ఎవ్వరు రాకుండ్రి!"

ఎవరో ముసలామె, "అయ్యో, సాయిబుకు గాలి సోకింది" అంది. ఇంకొకామె అతని మీద నీళ్ళు చిలకరించింది. పన్నెండేళ్ళ కింద అబద్ధం చెబితే మూడు రోజుల్లో నమ్మిన ఊరు, నిజం చెబితే ఒక్క ఘడియ కూడా నమ్మలేదు. ఖర్మ అంటే ఇదే కదా.

మౌలాబీ ముందుకొచ్చి, "గాజులు నావే" అని అరిచింది. వినేవాళ్ళు లేరు. అమృతమ్మ మెల్లగా గద్దె దగ్గరికొచ్చింది. అరవై ఏడేళ్ళ మనిషి, నడుము వంగింది.

"కొడుకా, నువ్వు కల్పించలే. అదే నీతోని చెప్పిచ్చింది. లేకుంటే దూప అని నీకెట్ల తెలుసు? జ్వరం అని చెప్పకపోతివి, ఆకలి అని చెప్పకపోతివి. దూప అనే ఎందుకు చెప్తివి?"

దావూద్‌కు కాళ్ళ కింద రాయి కదిలినట్టైంది. సమాధానం ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉంది.

అప్పుడు హన్మంతు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. వాళ్ళ ఇంట్లో తాతల నాటి పద్ధతి ఒకటి ఉంది. పాతమానును కొట్టే ముందు, అందులో ఉన్నవాళ్ళను వేరే చెట్టుకు తోలుకుపోవాలి.

"తెచ్చినోడే తోలుకపోవాలె. ముంతల నీళ్ళు పట్టుకొని పేరు పెట్టి పిలువు. ముందల నువ్వు నడువు, ఎన్కకు మర్లి సూడకు. కొత్త చెట్టుకాడ ఆ నీళ్ళు పొయ్యి. గంత చేస్తే నేను గొడ్డలి పడత. నువ్వు లేదంటున్నవ్ గద, లేనిదాన్ని పిలిచేతందుకు నీకేం భయం?"

మరునాడు పొద్దు పొడిచేసరికి సగం ఊరు బాట మీద ఉంది. దావూద్ నీళ్ళ ముంత రెండు చేతులతో పట్టుకుని చింత ముందు నిలబడ్డాడు. పిలవాలి. ఏమని? అతను ఆమెకు పేరు పెట్టలేదు. అమృతమ్మ వైపు చూశాడు. ఆమె కళ్ళతోనే సరే అంది.

"జములమ్మా" అన్నాడు. ఇంకోమారు అన్నాడు. "జములమ్మా, రా తల్లీ, పోదం."

వెనక్కి తిరిగి నడిచాడు. జనాన్ని మైలురాయికి అవతలే నిలబెట్టేశారు, బాట ఖాళీగా ఉంది. కొత్త చెట్టుగా దావూద్ ముందే ఒక వేపను చెప్పాడు, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని. ఆ వేపే ఎందుకని ఎవరూ అడగలేదు. ఒక్కో అడుగు వేస్తుంటే మెడ బిగుసుకుపోయింది. వెనక ఎవరూ లేరని అతనికి తెలుసు. ఎవరో ఉన్నారని కూడా తెలుసు. నీరసంగా, కాలు ఈడుస్తూ, అతని అడుగులో అడుగు వేస్తూ వస్తున్నట్టు మట్టి కరకరమంది. ముంతలో నీళ్ళు తొణికి వేళ్ళ మీద పడ్డాయి, చల్లగా. ఆ చలికి ఇన్నేళ్ళూ తొక్కిపెట్టిన ఆ మధ్యాహ్నం కళ్ళముందుకు వచ్చేసింది.

జ్వరాల ఏడు అతనికి పంతొమ్మిదేళ్ళు. తండ్రి జ్వరంతో మంచాన ఉన్నాడు. కావడి అతని భుజం మీద ఉంది, రెండు కడవల నీళ్ళు, నాలుగు వేపమొక్కలు. పెద్దచింత కింద ఒక ఆడమనిషి కొంగు నెత్తిమీదికి లాక్కుని కూర్చుని ఉంది. "అన్నా, దూపైతున్నది. జర నీళ్ళు పొయ్యి" అంది. దోసిలి పట్టింది కూడా. ఆ చేతులు వణుకుతున్నాయి. ఆమెకు జ్వరమని చూడగానే తెలిసింది. భయమేసింది. భయమని ఒప్పుకోకుండా తండ్రి మాటను అడ్డం పెట్టుకున్నాడు. "చెట్ల నీళ్ళు" అన్నాడు. ఇరవై అడుగులు నడిచి, ఆమె చూస్తుండగానే, కడవ వంచి వేపమొక్కకు పోశాడు. రెండో కావడి తెచ్చేటప్పుడు చుట్టూ తిరిగి ఇంకో బాటన వచ్చాడు. తెల్లవారి ఆమె అక్కడ లేదు. లేచి పోయిందో, ఎవరైనా ఎత్తుకుపోయారో అడగలేదు. ఎవరినీ అడగలేదు.

ఆ మొక్కే ఇప్పుడు రెండు చేతులకు అందని వేప. దావూద్ దాని మొదట్లో ముంత వంచి నీళ్ళు పోశాడు. ముఖం మానుకు ఆనించి అట్లాగే ఉండిపోయాడు. చాలాసేపటికి వెనక గొడ్డలి దెబ్బ వినిపించింది.

హన్మంతు మాట నిలబెట్టుకున్నాడు. గద్దెరాళ్ళు తీసేసి, తాళ్ళు కట్టి, నేలకు జానెడెత్తున మొదలుపెట్టాడు. ఎనిమిదో దెబ్బకో తొమ్మిదో దెబ్బకో గొడ్డలి మెత్తగా దిగింది. లాగేసరికి లోపలి నుంచి నీళ్ళు తన్నుకొచ్చాయి. నల్లటి నీళ్ళు, మురిగిన వాసనతో, ఆగకుండా. హన్మంతు గొడ్డలి వదిలేసి ఎగిరి అవతల దుమికాడు. బాట మీద పారి, జనం కాళ్ళ దగ్గరికి వచ్చాయి నీళ్ళు. జనం వెనక్కి జరిగారు. అమృతమ్మ జరగలేదు. కాళ్ళు తడుస్తుంటే అట్లాగే చూస్తూ నిలబడింది.

"తాగనే లేదు" అంది. "పన్నెండేండ్లు పోసిన. ఒక్క సుక్క గూడ తాగలేదు నా బిడ్డ."

హన్మంతు మళ్ళీ గొడ్డలి పట్టాడు. చెట్టు పడింది, హన్మంతు చెప్పిన పక్కకే, ఎవరికీ ఏమీ కాలేదు. దావూద్ కోరుకున్నది అదే కదా? అయినా అతనికి సంతోషం కలగలేదు. ఆ ముసలామె తడికాళ్ళతో వేప దాకా నడిచి వచ్చింది.

"నిన్న నువ్వు చెప్పిందే నిజం. గీడ ఎవ్వరు లేరు" అంది. "మరి నా బిడ్డ యాడ పోయినట్టు?"

లేదవ్వా, నా వెనకే వచ్చింది, అడుగుల చప్పుడు విన్నాను, ఇక్కడ తాగుతుంది అంటే సరిపోయేది. ఆమె ఇంకో పన్నెండేళ్ళు వేపకు నీళ్ళు పోసేది. దావూద్ నోటికి ఆ మాట వచ్చింది కూడా. మింగేశాడు. ఆమె కాళ్ళ దగ్గర కూలబడి, జ్వరాల ఏడు జరిగిందంతా చెప్పాడు. ఏదీ దాచలేదు. ఒక్క 'అట' కూడా తగిలించలేదు.

అమృతమ్మ కదలకుండా విన్నది.

"ముఖం చూసినవా?"

"లేదవ్వా. చూస్తే పొయ్యవలసొస్తదని చూడలే."

"ఇంకేం చూసినవ్?"

"చేతులు చూసిన. కాళ్ళు చూసిన. ఒక కాలికే కడియం ఉండె."

"నేను రెండు కాళ్ళకు ఏసి పంపిన" అంది అమృతమ్మ. అవునని అనలేదు, కాదని అనలేదు. ఆమె వేపమొదట్లో మెల్లగా కూర్చుంది, కొంగు నెత్తిమీదికి లాక్కుంది. తర్వాత రెండు చేతులూ చాపి దోసిలి పట్టింది.

"దూపైతున్నది. నీళ్ళు పొయ్యి" అంది.

దావూద్ పరుగెత్తి కావడి తెచ్చాడు. ఏడుస్తూ పోశాడు. ఆమె తాగింది, చాలు అనలేదు. కడవ ఖాళీ అయ్యేదాకా దోసిలి తీయలేదు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారి నేల తడిసింది.

అప్పటి నుంచి ప్రతి బేస్తవారం ఆమె వేప దగ్గరికి వచ్చేది. దోసిలి పట్టేది, అతను పోసేవాడు, తాగి వెళ్ళిపోయేది. తిట్టలేదు, క్షమించానని చెప్పలేదు. తిట్టినా బాగుండేదని దావూద్ మౌలాబీ దగ్గర ఎన్నోసార్లు ఏడ్చాడు. బాటన పోయేవాళ్ళెవరు అడిగినా కావడి దించి పోసేవాడు. మొక్కల కోసం ఇంకో కావడి మోసుకొచ్చేవాడు. భుజం మీద కాయ కాసింది. ఒక్క మొక్కను కూడా ఎండనివ్వలేదు.

రెండేళ్ళ తర్వాత ఒక బేస్తవారం అమృతమ్మ రాలేదు. పొద్దు వాలేదాకా చూసి, దావూద్ ముంత పట్టుకుని ఆమె ఇంటికి పోయాడు. మంచంలో ఉంది. సాయిబు లోపలికేమిటని దాయాదులు గడపలో గొణిగారు గానీ, ఆమె చెయ్యెత్తి పిలిచింది. దోసిలి పట్టే శక్తి లేదు. దావూద్ చుక్క చుక్కగా నోట్లో పోశాడు. మూడు గుక్కలు తాగి, మొదటిసారి, తల అడ్డంగా ఊపింది.

"చాలు కొడుకా" అంది. "ఇగ నా బిడ్డకు పొయ్యి."

ముంతలో ఇంకా సగం నీళ్ళున్నాయి. దావూద్ ఆ ముంతతోనే మైలురాయి దాకా నడిచాడు. పెద్దచింత ఉన్నచోట మొద్దు ఒక్కటే మిగిలింది. దాని ముందు గొంతుకూర్చున్నాడు. కూర్చున్న మనిషి దోసిలి ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తున ముంత పట్టుకుని, కొంచెం కొంచెంగా వంచాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు.